కొనడమా, తయారు చేసుకోవడమా? రైళ్ల ‘కవచ్’ వెనుక ఉన్న ఇంజినీరింగ్ లెక్క

2022 మార్చి 4న సికింద్రాబాద్‌కు దగ్గర్లోని గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య ఒకే పట్టాల మీద రెండు రైలింజన్లను ఎదురెదురుగా నడిపించారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, రెండోదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్ వి.కె. త్రిపాఠి ఉన్నారు. లోకో పైలట్ బ్రేకు వేయలేదు. ఎదుటి ఇంజను ఇంకా 380 మీటర్ల దూరంలో ఉండగానే మంత్రి ఎక్కిన ఇంజను దానంతట అదే ఆగిపోయింది. దాన్ని ఆపిన వ్యవస్థ పేరు ‘కవచ్’. భారతీయ రైల్వేకు చెందిన పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌వో దేశీయ కంపెనీలతో కలిసి దీన్ని రూపొందించింది.

ఆ ప్రదర్శన చూసినవారిలో కొందరికైనా ఒక సందేహం వచ్చి ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే రైలును దానంతట అదే ఆపే ఏర్పాటు ప్రపంచానికి కొత్తది కాదు. ఐరోపాలో ఈటీసీఎస్ అనే వ్యవస్థ అప్పటికే ఏళ్ల తరబడి వాడుకలో ఉంది. దాన్ని అమ్మే కంపెనీలు ఉన్నాయి, అమర్చి చూపించిన అనుభవం ఉంది, పరీక్షల్లో నెగ్గిన చరిత్ర ఉంది. డబ్బు పెట్టి తెచ్చుకుని బిగించుకుంటే సరిపోయేదానికి ఇన్నేళ్లు శ్రమపడి సొంతంగా తయారు చేసుకోవడం ఎందుకు?

పరిశ్రమల్లో రోజూ ఎదురయ్యే ప్రశ్నే ఇది. బజార్లో దొరికే రెడీమేడ్ సాంకేతికతను కొనాలా, మన అవసరం కొలిచి కుట్టించుకోవాలా? చొక్కా విషయంలో తప్పు చేస్తే నష్టం కొన్ని వందలు. రైలు విషయంలో అలా కాదు. అందుకే ఈ లెక్కను కాస్త దగ్గరగా చూడాలి.

కంటికి అందని దూరం

ముందుగా అసలు సమస్య. రైలు రోడ్డు మీద బస్సులా ఆగదు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి ఉండే పట్టు తక్కువ. ఆ తక్కువ పట్టు వల్లే రైలు అంత బరువును అంత తక్కువ ఇంధనంతో లాగగలుగుతుంది. దానివల్లే త్వరగా ఆగలేకపోతుంది కూడా. బ్రేకు వేశాక రైలు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున తగ్గుతుందనుకుందాం. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు ఆగడానికి సుమారు 1.3 కిలోమీటర్లు పడుతుంది. అదే 160 కిలోమీటర్ల వేగమైతే దాదాపు 2 కిలోమీటర్లు కావాలి. వేగం నాలుగో వంతు కూడా పెరగలేదు, ఆగే దూరం మాత్రం సగానికి సగం పెరిగింది. వేగం వర్గానికి అనుగుణంగా ఆ దూరం పెరగడమే దీనికి కారణం.

కిలోమీటరు, రెండు కిలోమీటర్ల అవతల పట్టాల మీద ఏముందో పట్టపగలు కూడా లోకో పైలట్‌కు కనిపించదు. శీతాకాలంలో ఉత్తర భారతంలో మంచు కమ్మితే పక్కనే ఉన్న సిగ్నలే కనిపించదు. కాబట్టి రైలు ప్రాణం సిగ్నల్ మీద, ఆ సిగ్నల్‌ను చూసి అర్థం చేసుకునే మనిషి మీద ఆధారపడుతుంది. మనిషి అలసిపోతాడు, పొరబడతాడు. ఆ పొరపాటును పట్టుకుని బ్రేకు వేసే యంత్రం కావాలి. దానికి మూడు విషయాలు కచ్చితంగా తెలియాలి: రైలు ఏ పట్టా మీద ఎక్కడుంది, ఎంత వేగంతో వెళుతోంది, ఎంత దూరం వరకు వెళ్లడానికి అనుమతి ఉంది.

ముందు చేసిన ప్రయత్నం

మన దగ్గర సొంత తయారీ ఆలోచన కవచ్‌తో మొదలు కాలేదు. 1999 ఆగస్టు 2న పశ్చిమ బెంగాల్‌లోని గైసల్ వద్ద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొని 280 మందికి పైగా మరణించారు. ఆ తర్వాత కొంకణ్ రైల్వేలో బొజ్జి రాజారాం ఆధ్వర్యంలో ‘యాంటీ కొలిజన్ డివైస్’ రూపుదిద్దుకుంది. జీపీఎస్ సాయంతో ప్రతి రైలూ తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. దగ్గర్లోని రైళ్లు రేడియోలో పలకరించుకుంటాయి. ప్రమాదం ఉందనిపిస్తే బ్రేకు పడుతుంది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో దీన్ని విస్తృతంగా అమర్చి చూశారు.

ఆలోచన చక్కనిదే. చిక్కంతా కొలతల్లో వచ్చింది. పక్కపక్కనే ఉండే రెండు రైలు మార్గాల మధ్య దూరం సుమారు ఐదు మీటర్లు. మామూలు జీపీఎస్ పొరపాటు అంతకంటే ఎక్కువగా ఉండొచ్చు. ఎదురుగా వస్తున్న రైలు తన పట్టా మీదే ఉందా, పక్క పట్టా మీద ఉందా అన్నది తేల్చలేని యంత్రం ఏం చేస్తుంది? ప్రమాదం లేకపోయినా బ్రేకు వేస్తుంది, లేదా ప్రమాదం ఉన్నా ఊరుకుంటుంది. మొదటిది పదేపదే జరిగితే సిబ్బందికి ఆ యంత్రం మీద నమ్మకం పోతుంది. రెండోది ఒక్కసారి జరిగినా చాలు. సొంతంగా చేసుకున్నంత మాత్రాన వస్తువు మన అవసరానికి సరిపోతుందన్న హామీ లేదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఈటీసీఎస్ ఎవరి కొలతకు కుట్టిన చొక్కా?

మరి రెడీమేడ్ సంగతి? ఈటీసీఎస్ కూడా ఒకప్పుడు ఒకరి ప్రత్యేక అవసరం కోసం పుట్టినదే. ఐరోపాలో ఒక్కో దేశానికి ఒక్కో సిగ్నల్ వ్యవస్థ ఉండేది. పారిస్‌లో బయల్దేరిన రైలు సరిహద్దులు దాటాలంటే ఇంజనులో రెండు మూడు రకాల పరికరాలు బిగించాలి, లేదా సరిహద్దులో ఇంజను మార్చాలి. ఈ గోల వదిలించుకోవడానికి 1990లలో ఐరోపా దేశాలు ఉమ్మడి ప్రమాణం రాసుకున్నాయి.

అందులో మొదటి స్థాయిలో పట్టాల మధ్య ‘యూరోబలీస్’ అనే పలకలు ఉంటాయి. వాటిలో బ్యాటరీ ఉండదు. పైనుంచి వెళ్లే రైలు యాంటెనా పంపే శక్తితోనే అవి మేల్కొని, సమాచారాన్ని తిరిగి పంపుతాయి. సిగ్నల్ రంగు మారినప్పుడల్లా పలక చెప్పే మాట మారాలి కాబట్టి సిగ్నల్ నుంచి పలక దాకా కేబుల్ వేయాలి. రెండో స్థాయిలో అనుమతి రేడియో ద్వారా నిరంతరం అందుతుంది. దానికి జీఎస్ఎం-ఆర్ అనే రైల్వే ప్రత్యేక మొబైల్ నెట్‌వర్క్ మార్గం పొడవునా ఉండాలి.

భారతీయ రైల్వే దీన్ని వాడి చూడకుండా పక్కన పెట్టలేదు. చెన్నై సబర్బన్ మార్గంలో గుమ్మిడిపూండి వరకు, హజ్రత్ నిజాముద్దీన్–ఆగ్రా మధ్య, కోల్‌కతా మెట్రోలో మొదటి స్థాయి పరికరాలు అమర్చింది. 2018 ప్రాంతంలో దేశమంతటా రెండో స్థాయి పెట్టాలన్న ప్రతిపాదన కూడా చర్చకు వచ్చింది. దాని దారికి అడ్డొచ్చినవాటిలో ఖర్చు ముఖ్యమైనది. కవచ్‌కు మార్గం మీద కిలోమీటరుకు సుమారు 50 లక్షల రూపాయలు అవుతుంటే, విదేశీ వ్యవస్థకు 2 కోట్ల దాకా అవుతుందని రైల్వే శాఖ చెప్పింది. సుమారు 69 వేల కిలోమీటర్ల మార్గం మీద ఆ తేడాను గుణించి చూస్తే, కొనుగోలు నిర్ణయం ఎందుకు అంత బరువుగా తోచిందో తెలుస్తుంది. పైగా కొన్న తర్వాత విడిభాగాలకు, మార్పులకు, సాఫ్ట్‌వేర్ సవరణలకు అమ్మినవారి దగ్గరికే వెళ్లాలి. రైల్వే పరికరం ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఆ ముప్పై ఏళ్లూ ధర ఎవరు నిర్ణయిస్తారన్నది మొదటి రోజు బిల్లులో కనిపించని ఖర్చు.

ఏవి సొంతం, ఏవి రెడీమేడ్

కవచ్ రూపకల్పన 2012లో మొదలైంది. అప్పట్లో దీని పేరు టీసీఏఎస్. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాల్లో మొదటి క్షేత్ర పరీక్షలు జరిగాయి. 2016 ఫిబ్రవరి నుంచి ప్రయాణికుల రైళ్లలో పరీక్షించారు. 2020 జులైలో జాతీయ రైలు రక్షణ వ్యవస్థగా దీన్ని స్వీకరించారు.

దీని పనితీరు చూస్తే మునుపటి రెండు అనుభవాల నుంచీ తీసుకున్నవి కనిపిస్తాయి. స్లీపర్ల మీద ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు బిగిస్తారు. ఇవి కూడా బ్యాటరీ లేనివే. ఇంజను అడుగున ఉన్న రీడర్ వాటి మీదుగా వెళ్లినప్పుడు ‘ఇది ఫలానా పట్టా, ఫలానా చోటు’ అన్న మాట చదువుకుంటుంది. ఐదు మీటర్ల చిక్కు దీంతో తీరిపోతుంది, ఎందుకంటే ట్యాగు ఏ పట్టా మధ్య ఉందో అదే పట్టా గురించి చెబుతుంది. ఒక ట్యాగుకూ మరో ట్యాగుకూ నడుమ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి ఇంజను తన స్థానాన్ని అంచనా వేసుకుంటుంది. చక్రం అరిగి వ్యాసం ఒక శాతం తగ్గినా కిలోమీటరుకు పది మీటర్ల తేడా వస్తుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం జారితే ఇంకా తేడా పడుతుంది. తర్వాతి ట్యాగు రాగానే ఆ తప్పంతా చెరిగిపోయి లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ట్యాగు ఎప్పుడూ ఒకే మాట చెబుతుంది కనుక సిగ్నల్ నుంచి దానికి కేబుల్ అక్కర్లేదు. మారే సమాచారం, అంటే సిగ్నల్ ఏ రంగులో ఉంది, ఎంత దూరం వరకు వెళ్లొచ్చు అన్నది, స్టేషన్‌లోని కవచ్ కంప్యూటర్ యూహెచ్ఎఫ్ రేడియో ద్వారా ఇంజనుకు పంపుతుంది. ఒకే రేడియో చానల్‌ను అనేక ఇంజన్లు పంచుకోవాలి కాబట్టి ఒక్కోదానికి కొంత సమయం కేటాయిస్తారు. అందరి గడియారాలూ కచ్చితంగా కలవాలి. అందుకే ఇక్కడ జీపీఎస్‌కు ముఖ్యంగా సమయం చెప్పే పని అప్పగించారు. యాంటీ కొలిజన్ డివైస్‌లో తనకు మించిన పని పెట్టుకుని తడబడిన జీపీఎస్, ఇక్కడ తనకు బాగా వచ్చిన పనిలో కుదురుకుంది.

ఇంజనులోని కంప్యూటర్ రైలు వేగం, బ్రేకుల సామర్థ్యం, పట్టాల వాలు చూసుకుని ‘ఈ క్షణంలో బ్రేకు వేయకపోతే ఆగలేం’ అనే గీతను నిరంతరం లెక్కిస్తుంటుంది. లోకో పైలట్ ఆ గీతకు దగ్గరైతే హెచ్చరిస్తుంది, దాటబోతే తానే బ్రేకు వేస్తుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర పడితే తానే హారన్ కొడుతుంది.

ఇంతకీ ఇందులో సొంతమేది? రేడియో, ట్యాగులు, జీపీఎస్ రిసీవర్, ప్రాసెసర్ చిప్‌లు అన్నీ మార్కెట్లో దొరికే జాతివే. వాటిని ఏ క్రమంలో కూర్చాలి, ఏది ఎవరిని నమ్మాలి, ఏది పాడైతే ఏం జరగాలి అన్న నియమావళి సొంతం. దాన్ని కొలిచిన తూకపురాయి మళ్లీ బయటిది. కవచ్‌కు ఎస్ఐఎల్-4 అనే అత్యున్నత భద్రతా స్థాయి ధ్రువీకరణ ఇచ్చింది ఐరోపా సెనెలెక్ ప్రమాణాల ప్రకారమే. ఆ స్థాయిలో ఒక భద్రతా విధి ప్రమాదకరంగా విఫలమయ్యే అవకాశం 10 కోట్ల గంటలకు ఒకసారి కంటే తక్కువగా ఉండాలి. ఏళ్లలో చెప్పాలంటే 11 వేల సంవత్సరాలకు పైమాటే. ఏ చిప్పూ ఒంటరిగా అంత నమ్మకంగా పనిచేయదు. కాబట్టి ఒకే లెక్కను వేర్వేరు ప్రాసెసర్లు విడివిడిగా చేస్తాయి. జవాబులు కలిస్తేనే రైలుకు ముందుకు వెళ్లే అనుమతి. కలవకపోతే బ్రేకు. అనుమానం వచ్చినప్పుడు ఆగిపోవడమే రైల్వేలో క్షేమం. విమానానికి ఆ వెసులుబాటు లేదు.

రెడీమేడ్ భాగాన్ని కొత్త చోట పెట్టేటప్పుడు ఈ నియమావళి ఎంత ముఖ్యమో 1996 జూన్ 4న ఏరియన్-5 రాకెట్ చూపించింది. పాత ఏరియన్-4లో చక్కగా పనిచేసిన దిశా నిర్దేశక సాఫ్ట్‌వేర్‌నే అందులో వాడారు. కొత్త రాకెట్ వేగంగా పక్కకు కదిలేది. ఆ అంకె సాఫ్ట్‌వేర్ కేటాయించుకున్న 16 బిట్ల చోటులో పట్టలేదు. ప్రధాన కంప్యూటర్, దానికి తోడుగా పెట్టిన రెండోదీ ఒకే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నందున రెండూ ఒకే తప్పుతో ఆగిపోయాయి. ప్రయోగం మొదలైన నిమిషంలోపే రాకెట్ ముక్కలైంది. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదని పాత రాకెట్ నిరూపించింది నిజమే, కానీ అది పాత రాకెట్‌కు మాత్రమే వర్తించింది.

ముగ్గురు తయారీదారులు, ఒక భాష

కవచ్ మొదటి సరఫరాదారులు మూడు కంపెనీలు: మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. మూడూ హైదరాబాద్ కేంద్రంగా పనిచేసేవే. సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ శిక్షణ సంస్థలో కవచ్ సిబ్బందికి తర్ఫీదు ఇస్తున్నారు. దక్షిణ మధ్య రైల్వేలోనే మొదటి 1,465 కిలోమీటర్లు పూర్తయ్యాయి. ఒక జాతీయ వ్యవస్థ ఇంతగా ఒక నగరం చుట్టూ ఎదగడం అరుదు.

ఒక కంపెనీ అమర్చిన ఇంజను మరో కంపెనీ అమర్చిన స్టేషన్‌తో మాట్లాడగలగాలి. ఇది వినడానికి తేలికగా ఉంటుంది, చేయడానికి ఏళ్లు పడుతుంది. స్పెసిఫికేషన్‌లో ఒక వాక్యాన్ని ఇద్దరు ఇంజినీర్లు రెండు రకాలుగా అర్థం చేసుకుంటే చాలు, రెండు యంత్రాలు ఒకదానినొకటి అపార్థం చేసుకుంటాయి. అయినా రైల్వే ఈ కష్టమైన దారే ఎంచుకుంది. స్పెసిఫికేషన్ ఆర్‌డీఎస్‌వో చేతిలో ఉంటుంది, తయారీ ఎవరైనా చేయొచ్చు. ఒకే స్వదేశీ కంపెనీకి మొత్తం అప్పగించి ఉంటే విదేశీ కంపెనీ మీద ఆధారపడటానికీ దానికీ తేడా పెద్దగా ఉండేది కాదు.

ఆలస్యానికి ధర

సొంత తయారీకి అసలు ధర రూపాయల్లో కంటే కాలంలో ఎక్కువ పడింది. మొదలుపెట్టి పన్నెండేళ్లు గడిచినా, 2024 మధ్య నాటికి కవచ్ ఉన్నది ఆ 1,465 కిలోమీటర్లలో, 144 ఇంజన్లలోనే.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనుక నుంచి వచ్చిన విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొంది. 14 మంది మరణించారు. లోపం వచ్చిన సిగ్నళ్లను నిబంధనలకు విరుద్ధంగా దాటడమే కారణమని ప్రాథమిక విచారణ చెప్పింది. ఇలాంటి పొరపాటును పట్టుకోవడానికే ఈ వ్యవస్థలు ఉన్నాయి. ఆ మార్గంలో కవచ్ లేదు. కొనేసి ఉంటే ఆ పాటికి అక్కడ ఏదో ఒక వ్యవస్థ ఉండేదా అన్నది తేల్చడం కష్టం. కొన్న ఈటీసీఎస్ కూడా మన దగ్గర కొద్ది వందల కిలోమీటర్లు దాటలేదు మరి.

అదే ఏడాది జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్‌లో 290 మందికి పైగా చనిపోయిన ప్రమాదం వేరే రకం. అక్కడ కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ మీద పచ్చ సిగ్నల్ ఉంది. పాయింట్లు మాత్రం గూడ్స్ రైలు నిలిచి ఉన్న లూప్ లైన్‌కు కలిసి ఉన్నాయి. సిగ్నల్ సర్క్యూట్ వైరింగ్‌లో జరిగిన తప్పు దీనికి మూలమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది. కవచ్ సమాచారం తీసుకునేది ఆ సిగ్నల్ సర్క్యూట్ల నుంచే. అక్కడి నుంచే తప్పుడు మాట వస్తే, సొంతదైనా కొన్నదైనా ఏ రక్షణ వ్యవస్థైనా దాన్ని నమ్ముతుంది. ఆ ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి ‘కవచ్ ఉంటే ఆగేది’ అని జరిగిన చర్చలో చాలాభాగం ఈ సంగతి పట్టించుకోలేదు.

అదే దేశంలో వేరే నిర్ణయాలు

కవచ్ తయారవుతున్న కాలంలోనే ఢిల్లీ–మేరఠ్ నమో భారత్ మార్గానికి ఈటీసీఎస్ రెండో స్థాయిని ఎంచుకున్నారు. సాహిబాబాద్–దుహాయి మధ్య 17 కిలోమీటర్ల తొలి భాగం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. హైదరాబాద్ మెట్రో ఫ్రాన్స్ కంపెనీ థేల్స్ వ్యవస్థను కొనుక్కుంది. ఇవి తప్పుడు నిర్ణయాలేమీ కావు. కొత్తగా వేసిన మార్గం, ఒకే రకం రైళ్లు, ఇతర రైళ్లకు ప్రవేశం లేదు, తేదీకి ప్రారంభించాలి. అలాంటి చోట నిరూపితమైన వస్తువును కొనడమే తెలివి. సాధారణ రైలు మార్గం మీద రాజధాని ఎక్స్‌ప్రెస్ వెనకే బొగ్గు గూడ్స్, దాని వెనకే ప్యాసింజర్ నడుస్తాయి. ఒకే ఇంజను ఈ రోజు సికింద్రాబాద్‌లో, ఎల్లుండి హౌరాలో ఉంటుంది. నడుస్తున్న మార్గాన్ని ఆపకుండా, వేలాది ఇంజన్లలో ఒక్కొక్కదాన్నీ షెడ్డుకు పిలిచి పరికరం బిగించాలి. ఇంజను ఉండి స్టేషన్‌లో లేకపోయినా, స్టేషన్‌లో ఉండి ఇంజనులో లేకపోయినా ఉపయోగం లేదు.

2024 జులైలో ఆర్‌డీఎస్‌వో కవచ్ 4.0 స్పెసిఫికేషన్‌ను ఆమోదించింది. పెద్ద యార్డుల్లో రైలు స్థానాన్ని మరింత కచ్చితంగా గుర్తించడం, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌తో నేరుగా మాట్లాడటం, స్టేషన్ల మధ్య ఆప్టికల్ ఫైబర్ అనుసంధానం ఇందులో ఉన్నాయి. ఈ రూపంతో మథుర–కోటా మార్గం 2025 జులైలో పనిలోకి వచ్చింది. తర్వాతి మార్పు రేడియోలో రాబోతోంది. రైల్వేకు 2021లో 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రం కేటాయించారు. అందులో ఎల్‌టీఈ నెట్‌వర్క్ వేసి కవచ్‌ను దాని మీదికి మార్చాలన్నది ప్రణాళిక. అంటే మొబైల్ కంపెనీలు వాడే తరహా బేస్ స్టేషన్లు, మోడెమ్‌లే కవచ్ సందేశాలను మోస్తాయి. కవచ్‌లో రేడియో భాగం ఇంకాస్త రెడీమేడ్ వైపు జరుగుతుంది. ఎప్పుడు బ్రేకు వేయాలన్న లెక్క మాత్రం ఆర్‌డీఎస్‌వో రాసిన పుస్తకంలోనే ఉంటుంది.